మూడో పాదం

హాఫ్ టైము ముగిసింది. రెఫరీ విజిలు ఊదగానే రెండు జట్లూ మళ్ళీ మైదానంలోకి దిగాయి. గీత పక్కన గడ్డిలో గొంతుక్కూర్చున్న పాండురంగయ్యకి అందరూ కనిపిస్తున్నారు గాని అతను చూస్తున్నది ఒక్క మోకాలినే, నబీ కుడి మోకాలిని, దాని చుట్టూ బిగించి కట్టిన తెల్లగుడ్డని. జనానికి అది ఆటగాళ్ళు కట్టుకునే మామూలు గుడ్డ. దాని కింద ఏముందో ఇంతమందిలో నలుగురికే తెలుసు, నబీకి, తనకి, వెంకటప్పయ్యగారికి, మైదానం అవతల జట్కాలో బురఖా వేసుకుని కూర్చున్న నబీ భార్య వజీరాకి. బాగానే నడుస్తున్నాడు. లేదు, బాగా నడవటం లేదు, కుడికాలు మోపినప్పుడు మడమ ఆనించడం లేదు, మునివేళ్ళ మీద దాటేస్తున్నాడు, అది నడక కాదు, నొప్పిని దాచుకోవడం, ఊరంతా చూస్తోంది గనక దాచుకోవడం. అదుగో, వెంకటప్పయ్యగారు మళ్ళీ లేచాడు. జట్టు పోషకుడు, గవర్నర్‌పేటలో బట్టల కొట్టు యజమాని, తనకి జీతమిచ్చే మనిషి. రేకు గొట్టం నోటిదగ్గర పెట్టుకున్నాడు. వద్దండీ, ఒకసారి చదివారుగా, ఆట మొదట్లో చదివారుగా, వద్దు. కానీ గొట్టంలోంచి తన పద్యం తనకే పరాయి గొంతుతో వచ్చి చెవుల్లో పడింది.

బంతి వెంట బోవు పాదాల వేగమ్ము
గాలి కెరుక గాని కంటి కెరుకె!
విరుగ నిమ్ము కాలు, వీడ డాటను వాడు;
నబియె మనకు నేడు నడచు కోట!

చప్పట్లు. ఈలలు. మూడో పాదం దగ్గర జనం గొంతు కలిపారు, పొద్దున్నించీ బెజవాడ వీధుల్లో పంచిన గులాబీరంగు కాగితాలు చేతుల్లో ఊపుతూ, విరుగనిమ్ము కాలు, విరుగనిమ్ము కాలు. పద్యం రాసేటప్పుడు ఇది ఇలా వినిపిస్తుందని తనకి తెలియదు. తెలియదా? తెలుసు. ఇలా వినిపించాలనే రాశాడు. మొదట అక్కడున్న మాట అది కాదు. "వెనుక కడుగు లేదు, వీడ డాటను వాడు" అని రాసుకున్నాడు ముందు. అదీ సరిపోయింది, గణాలు సరిపోయాయి, యతి సరిపోయింది, వె-కి వీ-కి మైత్రి ఉంది, ఏ పండితుడూ వేలెత్తి చూపలేడు. కానీ పైకి చదువుకుంటే చప్పగా ఉంది. చదివినవాడి రక్తం పొంగాలి కదా. మగ్గం మీద నేసే చీరకి అంచు కొట్టొచ్చినట్టు కనపడాలని నాన్న అనేవాడు, పెడనలో గుంటమగ్గంలో కాళ్ళు పెట్టుకుని, పాదంతో తొక్కుడుచెక్క తొక్కుతూ, ఆ తొక్కుడు లయకే కొడుకుతో పద్యాలు వల్లె వేయిస్తూ. అంచు కొట్టొచ్చినట్టుండాలిరా, లోపలి నేత ఎవడు చూస్తాడు? అలా అంచు వేశాడు తను. విరుగ నిమ్ము కాలు. రాసి, కలం పక్కనపెట్టి, తనలో తనే చప్పట్లు కొట్టుకున్నాడు. విరిగేది ఎవరి కాలు? పద్యంలో కాలికి ఎముక ఉండదు.

బంతి గాల్లోకి లేచింది. నబీ కదిలాడు. పాండురంగయ్య గడ్డి పరక ఒకటి పీకి వేళ్ళమధ్య నలుపుతున్నాడు, తెగే దాకా నలిపి ఇంకొకటి పీకుతున్నాడు. పొద్దున పటమటలో తన ఇంటి గుమ్మంలో వజీరా నిలబడినప్పుడు తన భార్య చౌడేశ్వరమ్మ ఎవరో కొట్లో బట్ట ఇప్పించమని అడగడానికి వచ్చారనుకుంది. లోపలికి రమ్మంటే రాలేదు. ముసుగు కాస్త పైకి తీసి నేరుగా తనతోనే మాట్లాడింది.

"అన్నా, ఆయన్ని ఈ పూట ఆడొద్దని చెప్పండి. మోకాల్లో ఏదో తెగిందంట. డాక్టరు చూసి, ఇంకొక్క దెబ్బ తగిలితే కాలు మడవలేవన్నాడు. రైలింజన్ మీద నిలబడి బొగ్గు వెయ్యాల్సిన మనిషి. కాలు లేని ఫైర్‌మన్‌ని ఎవరు పెట్టుకుంటారు?"

"నబీ నాకు చెప్పలేదమ్మా."

"మీకెలా చెబుతాడు? మీకే చెప్పడు. రోజూ ఆ పద్యం చదూతాడు. బొగ్గు మసి కడుక్కుంటా చదూతాడు. నాకు తెలుగు పద్యం అర్థం కాదనుకుంటాడు. ఆ కాలు మాట నాకు అర్థమయింది."

చౌడేశ్వరమ్మ చేతిలో చేట అలాగే ఆగిపోయింది. ఫుట్‌బాలు మీద పద్యాలు మొదలుపెట్టినప్పుడు ఆమె నవ్వింది, చౌడేశ్వరీదేవి మీద శతకం రాస్తానని మొక్కుకుని తోలుబంతి మీద రాస్తారేం అని. ఆవిడ ఒక్కతేనా, సాహిత్య సభలో ముందువరసలో కూర్చున్న పెద్దలందరూ నవ్వారు. రాముడి మీద రాయొచ్చు, కృష్ణుడి మీద రాయొచ్చు, లోకో షెడ్డులో బొగ్గు వేసేవాడి మీద సీసపద్యమా, పైగా వాడు తురకవాడు. ఆ రోజు సభలోంచి లేచి వచ్చేసి, నేరుగా స్టేషను పక్కన టీ హోటల్లో నబీ ఎదుట కూర్చుని పద్యం మొత్తం చదివాడు. నబీ గ్లాసు పెదాల దాకా తెచ్చి తాగటం మర్చిపోయాడు. ఇంకోసారి చదవండి అన్నాడు. మళ్ళీ చదివితే, "ఇది నేనేనా?" అన్నాడు. ఆ తర్వాత చాలా రోజులకి ఒకసారి, ఏలూరు వాళ్ళ మీద గెలిచి వస్తూ అన్నాడు, "కవిగారూ, మీ పద్యంలో వాడు నాకంటే బాగా ఆడతాడండీ. వాణ్ణి చూసి నేర్చుకుంటున్నా." ఎంత మురిసిపోయాడు తను! ఇంటికొచ్చి చౌడేశ్వరమ్మకి రెండుసార్లు చెప్పాడు. పద్యంలో వాడికి నొప్పి తెలియదు. వాడికి వజీరా లేదు. వాడు రేపు పొద్దున షెడ్డుకి వెళ్ళక్కర్లేదు.

"నబీ! నబీ!" జనం లేచారు. బంతి నబీ దగ్గరికి వచ్చింది, ఎడమకాలితో ఆపాడు, ఎడమకాలితోనే తోశాడు, ఎదురుగా గోలుకి అడ్డం నిలిచే బందరు బ్యాకు, నల్లగా పొడుగ్గా తాటిమొద్దులా ఉన్న కుర్రాడు, మొదటి భాగంలో నబీని రెండుసార్లు కిందపడేసినవాడు, ఇప్పుడు మీదికి వస్తాడు, అయిపోయింది, పాండురంగయ్య కళ్ళు మూసుకున్నాడు. తెరిచేసరికి నబీ ముందుకు వెళ్ళిపోయి ఉన్నాడు. బంతి గోలుకర్ర పక్కనుంచి బయటికి పోయింది. జనం అరుస్తున్నారు, "భయంరా వాడికి! నబీని చూస్తే బందరోడికి భయం!" స్కోరు చెరొకటి. ఇంకొకటి కొడితే కప్పు బెజవాడది. పోయిన ఏడు యుద్ధం ఆగిపోయింది, నూలు కంట్రోలు మాత్రం ఆగలేదు, మగ్గాలు ఖాళీగా ఉన్నాయి, కొట్లో బట్ట లేదు, అలాంటి రోజుల్లో ఊరికి సంతోషపడటానికి ఒక్క కప్పు, ఒక్క నబీ. దానికోసం ఇంతమంది వచ్చారు. వాళ్ళని తప్పుపట్టడానికి తనెవడు? వాళ్ళకి పాట అందించింది తనే.

వజీరా వెళ్ళిన వెంటనే పరుగెత్తాడు. షెడ్డు బయట నబీ ఒక్కడే పట్టాల పక్క సిమెంటు దిమ్మ మీద కూర్చుని మోకాలికి గుడ్డ చుట్టుకుంటున్నాడు. చూశాడు తను ఆ మోకాలిని. ఒక పక్క మెత్తగా పొంగి, వేలితో నొక్కితే వేలు దిగబడేట్టు ఉంది. ఆడొద్దు నబీ అన్నాడు. నబీ తల ఎత్తలేదు.

"వజీరా వచ్చిందా మీ ఇంటికి?"

"ఎవరొస్తే ఏంలే. ఈ పూటకి కూర్చో."

"ఊరంతా కాగితాలు పంచి ఇప్పుడు కూర్చోమంటారా?" అప్పుడు చూశాడు మొహంలోకి. కోపం లేదు ఆ చూపులో, ఆశ్చర్యం ఉంది. "నేను కూర్చుంటే ఆ కాగితం అబద్ధమైపోద్ది కదండీ. మిమ్మల్ని చూసి నవ్వుతారు. నన్ను చూసి నవ్వుతారు. నవ్వనీ, అది కాదు. అది చదివినప్పుడు నాకు... ఎట్లా చెప్పాలి మీకు, మా నాన్న కూడా నన్ను అంత మాట అనలేదండీ."

అక్కణ్ణించి గవర్నర్‌పేటకి. కొట్టు గద్దె మీద వెంకటప్పయ్యగారు ఆ గులాబీ కాగితాలు కట్టలు కట్టిస్తున్నాడు. పద్యం వెనక్కి తీసుకుంటానండీ, మూడో పాదం మార్చాలండీ అంటే ఆయన నవ్వాడు. "అచ్చయిపోయిన పద్యాన్ని వెనక్కి తీసుకోవటమేందయ్యా పాండురంగం? నోట్లోంచి ఊడిపడ్డ మాట నీదా? ఊరిది. అయినా ఆ మూడో పాదమే కదయ్యా ప్రాణం." నబీ కాలు సంగతి చెప్పాడు. ఆయన కట్ట ముడివేస్తూ కాసేపు ఆలోచించాడు, నిజంగానే ఆలోచించాడు, చెడ్డవాడు కాదు. "వాడు కూర్చుంటే పదిమందితో ఆడాలి. నిన్ననే పేర్లు ఇచ్చేశాం, ఇంక వేరేవాణ్ణి దింపటానికి లేదు. ఆడతానన్నాడా వాడు? మరి ఆడనియ్యి."

ఆడతానన్నాడు. ఆడుతున్నాడు. ఎవడి ఇష్టం వాడిది అని ఇక్కడ గడ్డిలో కూర్చోవచ్చు. కూర్చున్నాడు కూడా, ఇంతసేపూ. మళ్ళీ నబీ దగ్గరికి బంతి. మళ్ళీ ఆ పొడుగు కుర్రాడు ఎదురొచ్చాడు. ఈసారి పాండురంగయ్య కళ్ళు మూసుకోలేదు. కుర్రాడు సూటిగా వచ్చి, చివరి క్షణంలో, చుట్టూ తిరిగి నబీకి ఎడమపక్కకి వెళ్ళాడు. బంతి కుడికాలి దగ్గరుంది. కుడిపక్కనుంచి వస్తే తేలిగ్గా తన్నేయవచ్చు, కాలుతో సహా. ఎడమపక్కకి ఎందుకు వెళ్ళాడు? నబీ దాటిపోయాడు. జనం భయం భయం అని అరిచారు. భయం కాదు. పాండురంగయ్య వీపు మీద చెమట చల్లబడింది. ఇంకోసారి చూశాడు, మరోసారి చూశాడు. ప్రతిసారీ ఎడమపక్కనుంచే. వాడికి తెలుసు. ఆ మోకాలి సంగతి నలుగురికి కాదు, ఐదుగురికి తెలుసు. ఆ ఐదోవాడు తన జట్టు ఓడిపోయినా సరే అని ఆ కాలిని తప్పించి ఆడుతున్నాడు. మొదటి భాగంలో ఎప్పుడో పడేసినప్పుడు చూసి ఉంటాడు. ఊళ్ళో తన పద్యం కాలు విరగనీ అంటుంటే, శత్రువు అని తను అనుకున్నవాడు కాలు విరగకూడదని ఆడుతున్నాడు. వీరుల మీద ఇన్ని పద్యాలు రాసిన తనకి వాడి పేరైనా తెలియదు.

నబీ పడ్డాడు. ఎవరూ తోయలేదు. పరుగెత్తుతూ పరుగెత్తుతూ కుడికాలు పక్కకి జారింది, అంతే, గోడ కూలినట్టు పడ్డాడు. మైదానం ఒక్కసారి ఊపిరి బిగపట్టింది. రేకు గొట్టం లోంచి వచ్చిందో, జనంలోంచి వచ్చిందో, విరుగనిమ్ము కాలు, మొదట నలుగురు, తర్వాత నలభై మంది, తర్వాత అందరూ, చప్పట్ల తాళంతో, ఆ తాళం తనకి తెలిసిందే, తొక్కుడుచెక్క తాళం, ఎడమ కుడి ఎడమ కుడి. నబీ చేతులు నేలకి ఆనించాడు. లేచాడు. జనం పిచ్చెత్తినట్టు కేకలు. పాండురంగయ్యకి దగ్గరగానే ఉన్నాడు, పది గజాలు కూడా లేదు, మొహం స్పష్టంగా కనిపిస్తోంది, బూడిదరంగులోకి తిరిగిన మొహం, పెదాలు కదులుతున్నాయి. ఏమిటి అంటున్నాడు? నమాజు మాటలా? పెదాల కదలిక పట్టి చూశాడు పాండురంగయ్య. వీ-డ-డా-ట-ను. తన పద్యం. జనంతో పాటు నబీ కూడా ఆ పాదమే చదువుకుంటున్నాడు, దాన్ని కర్రలా పట్టుకుని నిలబడుతున్నాడు.

ఎప్పుడు లేచాడో తెలియదు. గీత దాటాడు. జీవితంలో ఎప్పుడూ మైదానం లోపల అడుగుపెట్టలేదు, నేల ఇంత గట్టిగా ఉంటుందనుకోలేదు. వెనక ఎవరో "ఏయ్! ఏయ్!" అంటున్నారు. విజిలు మోగింది. రెఫరీ పరుగెత్తుకొస్తున్నాడు. పాండురంగయ్య వెళ్ళి నబీ ఎదురుగా నిలబడ్డాడు.

"నబీ, ఆ పాదం తప్పు. తీసేశాను."

"పక్కకి జరగండి కవిగారూ." నబీ ఆయాసపడుతున్నాడు. "ఆట నడుస్తోంది."

"చప్పట్ల కోసం రాశానది. నీ కాలు గురించి కాదు రాసింది. అది నా పద్యం, నేను చెబుతున్నాను, దాన్ని నువ్వు మొయ్యక్కర్లేదు."

"జరగండి!" నబీ చేత్తో తోశాడు. తోసిన ఊపుకి తనే తూలాడు.

రెఫరీ వచ్చి పాండురంగయ్య భుజం పట్టుకున్నాడు. "ఎవరయ్యా నువ్వు? బయటికి నడు!" జనంలోంచి బూతులు. గొట్టంలోంచి వెంకటప్పయ్యగారి గొంతు, "పాండురంగం! ఆట చెడగొట్టావంటే రేపట్నించి కొట్టుకి రానక్కర్లేదు! విన్నావా?" విన్నాడు. విన్నాడు గాని కదలలేదు. కదిలితే నబీ పరుగెత్తుతాడు. అప్పుడు ఆ బందరు కుర్రాడు దగ్గరికొచ్చాడు. రెఫరీతో తలవంచుకుని మాట్లాడాడు.

"అయ్యా, ఆయన కాలు పోద్దండి. మోకాలి చిప్ప పక్కకి జరుగుతుంది. ఇందాక పడ్డప్పుడే చూశానండి."

నబీ అతని వైపు తిరిగాడు. చాలాసేపు చూశాడు. "అందుకా," అన్నాడు నెమ్మదిగా, "హాఫ్ టైము నుంచి ఎడంపక్కనించే వస్తున్నావు?"

కుర్రాడు మట్టి అంటిన చేతులు నిక్కరుకి తుడుచుకున్నాడు.

"నేను నిన్ను దాటానే, అన్నిసార్లు. నువ్వు దాటనిచ్చావా?"

"కొన్నిసార్లండి."

"నా మీద జాలా?"

"జాలేందండి." కుర్రాడు మొహమాటంగా మెడ రుద్దుకున్నాడు. "మళ్ళీ ఏడు కూడా మీతో ఆడాలి కదండీ. మిమ్మల్ని ఆపానని మావాళ్ళకి చెప్పుకోవాలంటే మీరు రెండు కాళ్ళ మీద ఉండాలండి."

నబీ మొహంలో ఏదో సడలింది. పాండురంగయ్య ఇన్నేళ్ళుగా ఆ మొహాన్ని చూసి మాటలు వెతుక్కున్నాడు, ఈ క్షణంలో దానికి మాట వెతకాలనిపించలేదు. నబీ రెఫరీకి చెయ్యి ఎత్తి చూపించాడు, వెళ్ళిపోతున్నానని. అప్పుడు కాలు పూర్తిగా వదిలేసింది. ఒక పక్క కుర్రాడు పట్టుకున్నాడు, ఇంకో పక్క పాండురంగయ్య. మెడ చుట్టూ పడ్డ చెయ్యి ఎంత బరువు! పద్యాల్లో గాలిలా పరుగెత్తించిన మనిషి ఇంత బరువుంటాడా? గులాబీ కాగితాలు ఉండలుగా వచ్చి పడుతున్నాయి, ఒకటి చెంపకి తగిలింది, ఒక మట్టిగడ్డ భుజానికి తగిలింది. ద్రోహి అన్నారెవరో. బందరోళ్ళు డబ్బిచ్చారన్నారు. పెడన వాడు కదా, బందరు పక్కవాడేగా అన్నారు. పాండురంగయ్య అడుగులు చూసుకుంటూ నడిచాడు, నబీ కుంటుకి తన నడక కలుపుకుంటూ. గీత దగ్గర ఆగి, కుర్రాణ్ణి అడిగాడు.

"నీ పేరేంటి నాయనా?"

"పుల్లయ్యండి. మాది గిలకలదిండి. వస్తానండి, నాకోసం ఆగారు." పరుగెత్తుకుంటూ వెనక్కి వెళ్ళిపోయాడు.

జట్కాలో గడ్డి మీద నబీని పడుకోబెట్టేసరికి వజీరా ముసుగు తీసేసింది. గుడ్డ ముడి విప్పబోతే బిగుసుకుపోయి ఊడిరాలేదు, పళ్ళతో కొరికి లాగింది. మైదానంలోంచి పదిమందితో ఆడుతున్న బెజవాడ కేకలు వినిపిస్తున్నాయి, నబీ మోచేతుల మీద లేచి వింటున్నాడు, చూడటానికి లేక ప్రతి కేకకీ కళ్ళు అటూ ఇటూ కదులుతున్నాయి. పాండురంగయ్య చక్రం పక్కన నిలబడ్డాడు. కూర్చోబెట్టాడు, సరే. గెలిస్తే? గెలిస్తే నబీ లేకుండా గెలిచారంటారు. ఓడితే తనవల్ల ఓడారంటారు. ఏదైనా నబీకి పోయింది పోయినట్టే. ఈ మనిషి ఇంక తన మొహం చూడడు. చూడకపోయినా ఫరవాలేదు, రెండు కాళ్ళ మీద నిలబడి మొహం తిప్పుకుంటే చాలు. అనుకున్నాడు గాని ఫరవాలేదన్నది నిజం కాదు. ఇంతలో మైదానం అవతలి వైపునుంచి కొద్దిమంది గొంతులు, కొద్దిమందే గాని ఆకాశం చిల్లులు పడేలా. ఇవతలి వైపు నిశ్శబ్దం. చెప్పక్కర్లేదు. బందరు గోలు.

నబీ వెనక్కి వాలిపోయాడు. "నా కాలుంటే," అన్నాడు, "నా కాలుంటే నేను వెనక్కొచ్చి ఆపేవాణ్ణి."

"కాలుంది," అంది వజీరా. అతని చెయ్యి పట్టుకుని తీసుకెళ్ళి వాచిన మోకాలి మీద పెట్టింది. "ఉంది, చూడు. ఇదిగో ఉంది."

నబీ మొహం అటు తిప్పుకున్నాడు. భుజాలు కదులుతున్నాయి. జట్కావాడు గుర్రాన్ని అదిలించబోతూ ఆగి, ఎక్కుతారా లేదా అన్నట్టు పాండురంగయ్యని చూశాడు. పాండురంగయ్య కదలలేదు. నడిచి వెళ్ళిపోదామనుకున్నాడు, జనం బయటికి రాకముందే, కాలవగట్టు వెంట.

"ఎక్కండి," అన్నాడు నబీ, ఇటు తిరగకుండానే. "మిమ్మల్ని చూస్తే కొడతారు ఇక్కడ."

ఎక్కాడు. కూర్చోవడానికి చోటు లేదు, మడవని కాలు బండి పొడుగునా ఉంది. దాన్ని రెండు చేతులా మెల్లగా ఎత్తి, కింద దూరి, ఒళ్ళో పెట్టుకుని కూర్చున్నాడు. బొగ్గు, చెమట, మట్టి వాసన. మడమ పగుళ్ళలో గడ్డి ఇరుక్కుని ఉంది. మోకాలి కింద నరం ఒకటి కొట్టుకుంటోంది, తాళమేమీ లేకుండా, గబగబా. గుర్రం కదిలింది. మొదటి గతుకు దగ్గర పాండురంగయ్య రెండు చేతులూ కాలి కింద పెట్టి ఎత్తి పట్టుకున్నాడు.

"బరువుందా కవిగారూ?"

"ఉంది," అన్నాడు పాండురంగయ్య.

ముందు ఇంకో గతుకు కనిపించింది. పాండురంగయ్య చేతులు బిగించాడు.